హెచ్.ఐ.వి. అనుమానం, పరీక్ష – మన వాడలకు కావాల్సిన కొన్ని లెక్కలు

హాస్టళ్ళలో, బస్తీల్లో, వలస కూలీల గుడారాల దగ్గర మేము తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. అది ఎప్పుడూ నేరుగా రాదు. 'మా ఫ్రెండొకడున్నాడన్నా...' అని మొదలవుతుంది. ఆ ఫ్రెండు ఒక్కసారి, నిరోధ్ లేకుండా, ముక్కూ మొహం తెలియని మనిషితో కలిశాడు. నాలుగు రోజులైంది. ఒళ్ళు వెచ్చగా ఉంటోంది, అన్నం సయించడం లేదు. వాడికి ఎయిడ్స్ వచ్చినట్టేనా? ఆడవాళ్ళ దగ్గర్నుంచి ఈ ప్రశ్న వచ్చే తీరు వేరు. 'బొంబాయి నుంచి వచ్చిన కాణ్ణించి ఆయనకు ఒంట్లో బాగుంటలేదు. నేనేం చెయ్యాలక్కా?' అంటారు. తమకోసం అడుగుతున్నామని వాళ్ళూ చెప్పరు.

ఇదే ప్రశ్న డాక్టర్లున్న ఇంట్లో పుడితే సంగతి వేరుగా ఉంటుంది. ఏ బాబాయికో, పెద్దమ్మ కొడుక్కో ఫోన్ చేస్తారు. రెండు గంటల్లో మందు చేతికొస్తుంది, పేరు బయటికి రాదు. మనింట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడే పెద్ద వైద్యుడు! మనకున్నది ఊళ్ళో ఆర్.ఎం.పి., టౌన్లో కరెంటు స్తంభానికి అంటించిన 'సెక్స్ సమస్యలకు గ్యారంటీ చికిత్స' బోర్డు. ఒకరు సెలైన్ ఎక్కించి పంపిస్తారు, ఇంకొకరు వేలకు వేలు గుంజుతారు. ఆ లోపల అసలు పనికొచ్చే మూడు రోజులు గడిచిపోతాయి. ఆ మూడు రోజుల సంగతి చదువుకున్నోళ్ళలో కూడా చాలామందికి తెలియకపోవడమే మేమీ వ్యాసం రాయడానికి కారణం.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి. మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట 1986లో మద్రాసులో గుర్తించారు. సెక్స్ పని చేసే ఆడవాళ్ళ రక్త నమూనాల్లో దొరికింది. దొరికింది వాళ్ళ దగ్గర కాబట్టి రోగం వాళ్ళదే అయిపోయింది. ఆ రక్తంలోకి దాన్ని తెచ్చిన మగవాళ్ళ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2000ల మొదట్లో మన రోడ్ల మీద 'పులిరాజా' బోర్డులు వెలిశాయి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని రాష్ట్రమంతా నవ్వుకుంటూ అడిగింది. ఆ బోర్డుల వల్ల రోగం పేరు ప్రతి పల్లెకూ తెలిసిన మాట నిజం. కానీ ఎలా వస్తుందో, వచ్చిందని అనుమానం ఉంటే ఏం చెయ్యాలో మాత్రం ఆ పేరుతో పాటు రాలేదు. పేరూ భయమూ రెండే వచ్చాయి.

2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ళలో నూటికి దాదాపు ఒకరికి ఈ వైరస్ ఉంది. ఆ తర్వాత బాగా తగ్గింది. అయినా 2021 జాతీయ అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షలకు పైగా, తెలంగాణలో లక్షన్నరకు పైగా మనుషులు హెచ్.ఐ.వి.తో బతుకుతున్నారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 24 లక్షలు. అంటే ఇది పోయిన రోగం కాదు. పోస్టర్లు పోయాయి, అంతే.

'అంటురోగం' అనే మాట ఇంకొకటి. అంటు అనే మాట మీద మనకున్నంత అనుభవం ఈ దేశంలో ఎవరికుంది? తాకితే మైలపడతామన్న వాళ్ళ మధ్యే కదా మనం బతికింది. హెచ్.ఐ.వి. తాకితే రాదు. ఒకే కంచంలో తింటే రాదు, ఒకే గ్లాసులో టీ తాగితే రాదు, ఒకే బావిలో ఈదితే రాదు. దోమ కుడితే రాదు. దగ్గు, తుమ్ము, చెమట, కన్నీళ్ళు, ఉమ్మి – వీటితో రాదు. మరుగుదొడ్డి వల్ల రాదు. ఇవన్నీ ప్రతి టీచరుకూ తెలుసు. తెలిసి కూడా హెచ్.ఐ.వి. ఉన్న పిల్లల్ని వేరే బెంచీలో కూర్చోబెట్టిన బడులున్నాయి. అక్కడ పనిచేసింది వైరస్ గురించిన అజ్ఞానం ఒక్కటే అని మేము నమ్మడం లేదు. మనిషిని విడిగా కూర్చోబెట్టడం ఈ సమాజానికి బాగా అలవాటైన పని.

మరి ఎలా వస్తుంది? వైరస్ కొన్ని ద్రవాల్లోనే రోగం అంటించేంత మోతాదులో ఉంటుంది – రక్తం, వీర్యం, వీర్యానికి ముందు ఊరే ద్రవం, యోని ద్రవం, మలద్వారంలో ఊరే ద్రవం, తల్లిపాలు. ఈ ద్రవం ఇంకొకరి లోపలి పలచటి పొరకు గానీ, పచ్చి పుండుకు గానీ, నేరుగా రక్తానికి గానీ తగలాలి. బయటి చర్మం తెగకుండా ఉంటే దాన్ని దాటి పోలేదు. కాబట్టి అనుమానం వచ్చినవాళ్ళు తమను తాము అడగాల్సింది 'నేను తప్పు చేశానా' అని కాదు. ఏ ద్రవం, ఎక్కడ తగిలింది, ఎప్పుడు తగిలింది, ఆ ఎదుటి మనిషి సంగతేమిటి – ఇవీ ప్రశ్నలు.

కొన్ని అంకెలు చూద్దాం. ఇవి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్కగట్టినవి. ఎదుటి మనిషికి హెచ్.ఐ.వి. ఉండి, మందులు వాడకుండా ఉండి, నిరోధ్ లేకుండా జరిగిన ఒక్కో కలయికకు లెక్క ఇది. యోని ద్వారా కలిసినప్పుడు ఆడమనిషికి సోకే అవకాశం 10,000కు 8. మగవాడికి 10,000కు 4. మలద్వారం ద్వారా అయితే లోపలికి తీసుకున్న మనిషికి 10,000కు 138, రెండో మనిషికి 11. నోటి ద్వారా అయితే చాలా తక్కువ, లెక్కగట్టడం కూడా కష్టమైనంత తక్కువ. ముద్దుకు లెక్క లేదు. రోగం ఉన్న రక్తం ఎక్కిస్తే మాత్రం 10,000కు 9,250 – అంటే దాదాపు తప్పదు.

ఈ అంకెలు చూసి కొందరు హమ్మయ్య అనుకుంటారు. 'పదివేలకు నాలుగేనా! ఇంతోటి దానికా ఇంత గొడవ' అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ ఆగాలి. కుండలో పదివేల చీట్లు వేసి, నాలుగింటి మీద ఎర్ర గుర్తు పెట్టామనుకోండి. చెయ్యి పెట్టిన మొదటిసారే ఎర్రచీటీ రావచ్చు. వందసార్లు తీసినా రాకపోవచ్చు. ఒక్కసారికే వచ్చినవాళ్ళున్నారు, ఏళ్ళ తరబడి కాపురం చేసినా రానివాళ్ళున్నారు. పైగా ఆ చీట్ల సంఖ్య అందరికీ ఒకటి కాదు. జననాంగాల మీద పుండ్లుంటే – సవాయి, హెర్పిస్ లాంటివి – ఎర్రచీట్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి. ఎదుటి మనిషికి వైరస్ కొత్తగా సోకి ఉంటే, ఆ మొదటి వారాల్లో వాళ్ళ రక్తంలో అది విపరీతంగా ఉంటుంది కాబట్టి అప్పుడూ పెరుగుతాయి. బలవంతం జరిగి లోపల చీరుకుపోతే పెరుగుతాయి. చిన్న వయసు పిల్ల అయితే లోపలి పొర ఇంకా ముదరదు, అప్పుడూ పెరుగుతాయి.

తగ్గేవి కూడా ఉన్నాయి. నిరోధ్ సరిగ్గా వాడి, అది చిరగకుండా ఉంటే భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. ఎదుటి మనిషి హెచ్.ఐ.వి. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయి ఉంటే వాళ్ళ నుంచి సెక్స్ ద్వారా సోకదు. తక్కువగా సోకుతుందని కాదు, సోకదనే పెద్ద పెద్ద పరిశోధనలు తేల్చాయి. ఈ ఒక్క సంగతి మన ఊళ్ళకు చేరితే ఎన్ని కాపురాలు నిలబడతాయో!

పనికిరాని జాగ్రత్తలు కొన్నున్నాయి. చివర్లో బయటికి తీసేశాను కాబట్టి ఫరవాలేదనుకోవడం ఒకటి. డెట్టాల్‌తోనో నిమ్మకాయతోనో లోపల కడుక్కోవడం ఇంకొకటి. దీనివల్ల పొర ఒరుసుకుపోయి ప్రమాదం ఎక్కువవుతుంది. మనిషి వాలకం చూసి లెక్కవెయ్యడం అన్నిటికన్నా చెడ్డది. 'చదువుకున్నామె', 'పెద్దింటాయన', 'బాగా శుభ్రంగా ఉన్నాడు' – వైరస్‌కు ఇవేవీ పట్టవు. ఏళ్ళ తరబడి ఏ లక్షణం లేకుండానే అది ఒంట్లో ఉంటుంది. ఇదే అలవాటు తిరగబడి జోగిని మీద, సెక్స్ పని చేసే ఆమె మీద పడుతుంది. ఆమె కనిపిస్తే చాలు రోగం అంటారు. 1988లోనే దేవదాసీ, జోగిని అంకితాలను నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. అంకితమైనవాళ్ళలో అత్యధికులు మన ఇళ్ళ ఆడపిల్లలే. ఊరి పెద్దలు రోగం అంటించి పోతే, రోగం అంటించిన పేరు ఆమెకు మిగిలింది. పెళ్ళయిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఇది సోకింది సొంత మొగుళ్ళ నుంచే. వాళ్ళు ఏ ప్రమాదపు జాబితాలోనూ లేరు, వాళ్ళు పతివ్రతలు కదా!

ఇక అసలు సంగతి – 72 గంటలు. వైరస్ లోపలి పొరకు తగిలిన వెంటనే ఒళ్ళంతా పాకదు. మొదట అక్కడి కణాల్లో, ఆ తర్వాత దగ్గరి గడ్డల్లో చేరి, అటుపై రక్తంలోకి పోతుంది. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ లోపల మందు మొదలుపెడితే అది నాటుకోకుండా ఆపొచ్చు. దీన్ని పి.ఇ.పి. అంటారు, డాక్టర్లు 'పెప్' అనేస్తారు. మన దేశంలో ఇప్పుడు ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిపిన మాత్ర. రోజుకొకటి, 28 రోజులు. మధ్యలో ఆపకూడదు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, రెండు గంటల్లోపల అయితే మరీ మంచిది. 72 గంటలు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. వికారం, తలనొప్పి, నిద్ర సరిగ్గా పట్టకపోవడం ఉండొచ్చు, అవి ఓర్చుకోదగ్గవే. మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేస్తారు, కానీ ఆ ఫలితం వచ్చేదాకా మొదటి మాత్ర ఆపకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నా, హెపటైటిస్ బి ఉన్నా డాక్టరుకు ముందే చెప్పాలి. ఎందుకంటే ఈ మాత్రలో రెండు మందులు హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే కాలేయం దెబ్బతినొచ్చు.

ఎక్కడ దొరుకుతుంది? జిల్లా ఆస్పత్రులు, బోధనాసుపత్రుల్లోని ఏ.ఆర్.టి. కేంద్రాల్లో. అవి మూసి ఉండే రాత్రివేళల్లో క్యాజువాలిటీలో అడగాలి. ఆస్పత్రి సిబ్బందికి, అత్యాచారానికి గురైనవాళ్ళకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇది ఉచితంగా అందాలి. ఇష్టపూర్వకంగా కలిసి తర్వాత భయపడుతున్నవాళ్ళు డాక్టరు చీటీతో బయట కొనుక్కోవాల్సి రావచ్చు. 'ఇదంతా నీకెందుకు, ఏం కాదు పో' అని పంపించే డ్యూటీ డాక్టర్లు ఉంటారు. వాళ్ళతో తగువు పెట్టుకుంటూ గంటలు పోగొట్టుకునే బదులు ఇంకో ఆస్పత్రికి పోవడమే మేలు. తగువు తర్వాతైనా పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పెప్ మొదట ఎవరికోసం వచ్చింది? సూది గుచ్చుకున్న డాక్టర్లు, నర్సుల కోసం. సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 10,000కు 23. ఒకసారి జరిగే కలయిక లెక్కతో పోలిస్తే ఇది తక్కువేమీ కాదు. కానీ ఆస్పత్రుల్లో సూదులు గుచ్చుకునేది డాక్టర్లకేనా? వార్డు ఊడ్చే ఆమెకు, చెత్త సంచి మోసే అతనికి, ప్రసవం గదిలో రక్తం తుడిచే ఆయమ్మకు గుచ్చుకోవా? వాళ్ళెవరో, ఏ కులాలోళ్ళో మనకు వేరే చెప్పనక్కర్లేదు. చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు. నియమాల ప్రకారం చెత్త ఎత్తేవాళ్ళు కూడా ఆరోగ్య సిబ్బందే, వాళ్ళకూ పెప్ ఇవ్వాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు సూదుల్ని గుచ్చుకోని గట్టి తెల్లడబ్బాలో వెయ్యాలన్నాయి. వ్యర్థాలు ఎత్తేవాళ్ళందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలన్నాయి. మామూలు సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన సూది మాత్రం నియమం చదువుకుని రాదు. గుచ్చుకుంటే ఆమె నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది, లేదా గట్టిగా పిండి కొంగుతో తుడుచుకుంటుంది. చెబితే సూపర్‌వైజరు తిడతాడు, పని పోతుందేమోనని భయం. అదే అంతస్తులో ఏ.ఆర్.టి. కేంద్రం ఉన్నా ఆమెకు దాని తలుపు తెలియదు.

సూది గుచ్చుకుంటే చెయ్యాల్సింది ఇంతే. పారే నీళ్ళ కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టకూడదు, స్పిరిటూ బ్లీచింగూ పొయ్యకూడదు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పి, రిజిస్టరులో తేదీ, టైము రాయించాలి. ఈ రాత ముఖ్యం. రేపు రోగం వస్తే అది పనిలో వచ్చిందని చెప్పడానికి ఆమె దగ్గరుండే కాగితం అదొక్కటే. మునిసిపల్, ఆస్పత్రి కార్మికుల సంఘాల్లో ఉన్న మిత్రులు జీతాల పోరాటంతో పాటు ఈ రిజిస్టరు ఉందో లేదో ఒకసారి అడిగి చూడాలి.

రెండోది అత్యాచారం. మన ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగితే కాళ్ళు మొదట పోలీసు స్టేషన్ వైపు పోతాయి. అక్కడ పొద్దంతా కూర్చోబెడతారు. ఎఫ్.ఐ.ఆర్. రాయరు, రాజీ మాట్లాడమంటారు. రెండో రోజు ఏ నాయకుడో వస్తాడు. మూడో రోజుకు ఎట్రాసిటీ సెక్షన్లు పెట్టారా లేదా అని ధర్నా. ఆ ధర్నా కావాలి, మేము వద్దనడం లేదు. కానీ ఈలోపల 72 గంటలు అయిపోతాయి. చట్టం ప్రకారం ఎఫ్.ఐ.ఆర్. లేకపోయినా ఆస్పత్రి ఆమెకు వైద్యం చెయ్యాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ బాధితురాలికి వెంటనే ఉచితంగా చికిత్స చెయ్యాలంటుంది. అంతకుముందు పాత శిక్షాస్మృతి విధానంలో కూడా ఇది 357-సి సెక్షన్‌గా ఉంది. పోలీసులకు సమాచారం ఆస్పత్రే ఇస్తుంది. అంటే ముందు ఆస్పత్రి. సాక్ష్యాల నమూనాలు, పెప్, గర్భం రాకుండా మాత్ర, సుఖవ్యాధులకు మందు, హెపటైటిస్ బి టీకా – ఇవన్నీ ఒకే చోట అడగాలి. ఆమెతో పోయే కార్యకర్తే నోరు తెరిచి పెప్ అని అడగాలి. ఎందుకంటే అడగకపోతే ఇవ్వని చోట్లే ఎక్కువ.

(సుఖవ్యాధి అనే మాట ఇక్కడ రాయడానికి మాకు చెయ్యి రాలేదు. అత్యాచారంలో సుఖమెవరిది? వేరే మాట వాడుకలో లేక రాశాము.)

72 గంటలు దాటిపోయినవాళ్ళ సంగతి? వాళ్ళు పరీక్ష కోసం ఆగాలి. ఆ ఆగడమే కష్టం. మర్నాడే పరుగెత్తి పరీక్ష చేయించుకుంటే నెగెటివ్ వస్తుంది, కానీ దానికి అర్థం వేరు. ఆ కలయికకు ముందు వైరస్ లేదని మాత్రమే అది చెబుతుంది. వైరస్ ఒంట్లో చేరాక పరీక్షకు దొరకడానికి కొంతకాలం పడుతుంది. దీన్ని విండో పీరియడ్ అంటారు. ఏ పరీక్ష అయితే ఎంతకాలం అన్నది దేన్ని వెతుకుతుంది అనే దాన్నిబట్టి ఉంటుంది. వైరస్ మీద పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలను మాత్రమే వెతికే పరీక్షకు 23 నుంచి 90 రోజులు కావాలి. యాంటీబాడీలతో పాటు వైరస్‌లోని పి24 అనే ముక్కను కూడా వెతికే నాలుగో తరం పరీక్ష, ల్యాబులో నరం నుంచి తీసిన రక్తంతో చేస్తే, 18 నుంచి 45 రోజుల్లో పట్టేస్తుంది. వైరస్ జన్యువునే వెతికే పరీక్ష 10 నుంచి 33 రోజుల్లో పడుతుంది. అది ఖరీదైనది, మామూలుగా అవసరం ఉండదు.

లెక్క ఇలా వేసుకోవచ్చు. మంచి ల్యాబులో నాలుగో తరం పరీక్ష 45 రోజులు దాటాక నెగెటివ్ వస్తే, ఆ కలయిక వల్ల రాలేదని నమ్మొచ్చు. వేలి నుంచి చుక్క రక్తం తీసే పరీక్ష అయితే 90 రోజులు దాటాలి. పెప్ వేసుకున్నవాళ్ళకు మందు వల్ల ఈ లెక్క ఆలస్యమవుతుంది కాబట్టి డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ – ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆ తర్వాత రమ్మంటే అప్పుడు కూడా – పోవాలి. గడువు దాటాక వచ్చిన నెగెటివ్‌ను నమ్మకుండా నెలకో ల్యాబు మార్చి పదిసార్లు చేయించుకునే తమ్ముళ్ళను చూశాం. వాళ్ళకు కావాల్సింది పదకొండో పరీక్ష కాదు, కూర్చుని మాట్లాడే మనిషి. చదువు దెబ్బతింటుంది, కొందరు ప్రాణం తీసుకోవాలనుకునేదాకా పోతారు. అలాంటప్పుడు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోవడానికి మొహమాటపడొద్దు.

ఈలోపల లక్షణాలు చూసుకుంటూ కూర్చోవద్దు. సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దురు, మెడ దగ్గర గడ్డలు వస్తాయి. కొందరికి ఏమీ రాదు. అవే లక్షణాలు వైరల్ జ్వరానికీ వస్తాయి, డెంగీకీ వస్తాయి. నాలుగో రోజున ఒళ్ళు వెచ్చబడటం దీనివల్ల కాదు, భయం వల్లో నిద్రలేక వల్లో అయ్యుండొచ్చు. ఇంకొక పని అసలే చెయ్యకూడదు. ఫలితం తెలుస్తుందని రక్తదానానికి పోవడం. విండో పీరియడ్‌లో ఉన్న రక్తం పరీక్షకు దొరక్కుండా ఎవరో బాలింతకు ఎక్కొచ్చు. ఆ 9,250 అంకె గుర్తుందిగా. పరీక్ష తేలేదాకా భార్యతో గానీ భర్తతో గానీ నిరోధ్ వాడాలి. వాడితే ఎందుకని అడుగుతారు కదా అన్నది నిజమైన కష్టమే. గర్భం వద్దనో, యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉందనో చెప్పినవాళ్ళున్నారు. ఆ అబద్ధాన్ని మేము తప్పుపట్టలేం.

పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐ.సి.టి.సి. గదిలో ఉచితం. ముందు కౌన్సిలరు మాట్లాడతారు. ఎప్పుడు, ఏం జరిగిందని అడుగుతారు. నిజం చెప్పండి, తేదీని బట్టే వాళ్ళు మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పగలరు. మొదటి కిట్‌లో నెగెటివ్ అయితే నెగెటివ్ అంటారు. మొదటి దాంట్లో రియాక్టివ్ వస్తే వేరే వేరే పద్ధతుల్లో పనిచేసే రెండు కిట్లతో మళ్ళీ చేసి, మూడూ కలిస్తేనే పాజిటివ్ అని రాస్తారు. అందుకని సందులో ప్రైవేటు ల్యాబు ఒక్క కిట్‌తో ఇచ్చిన పాజిటివ్ కాగితం పట్టుకుని ఎవరూ రైలు పట్టాల వైపు పోకూడదు. అది చివరిమాట కాదు.

మనూరి ఆరోగ్య కేంద్రంలో అయితే అందరూ తెలిసినవాళ్ళే, వార్త సాయంత్రానికి రచ్చబండకు చేరుతుందన్న భయం ఉంటుంది. అది ఉత్తభయం కాదు. అలాంటివాళ్ళు పక్క జిల్లా ఆస్పత్రికి పోవచ్చు, ఎక్కడి మనిషైనా ఎక్కడైనా చేయించుకోవచ్చు. అయితే చట్టం కూడా ఒకటుంది. 2017 హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషి అర్థం చేసుకుని ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యకూడదు. ఆపరేషన్‌కు ముందు చెప్పకుండా రక్తం తీసి, రిపోర్టు చూసి బయటికి పంపించడం ఈ చట్టం కింద నడవదు. ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ఉద్యోగంలోంచి, బడిలోంచి, అద్దె ఇంట్లోంచి తీసెయ్యకూడదు. కోర్టుకు పోతే అసలు పేరు బదులు వేరే పేరుతో కేసు నడపమని అడగొచ్చు. ఫిర్యాదు వినడానికి రాష్ట్ర ప్రభుత్వం అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. ఆడమనిషికి పాజిటివ్ వచ్చి, ఆ సంగతి మొగుడికి చెబితే కొడతాడనో వెళ్ళగొడతాడనో భయం ఉంటే డాక్టరు అతనికి చెప్పకూడదని కూడా ఈ చట్టంలో ఉంది. చట్టం రాసినవాళ్ళు మన ఇళ్ళు చూసే రాశారేమో అనిపించే వాక్యం అదొక్కటి. అంటరానితనానికి కూడా చట్టం ఉంది కదా అని మీరనొచ్చు. నిజమే. ఆ చట్టాన్ని ఎలా వాడుకోవాలో నేర్చుకున్నట్టే దీన్నీ నేర్చుకోవాలి.

పాజిటివ్ అని తేలితే? 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. మొదట్లో ఒంట్లో శక్తికణాలు పడిపోయినవాళ్ళకే ఇచ్చేవాళ్ళు, 2017 నుంచి తేలిన వెంటనే అందరికీ ఇస్తున్నారు. రోజూ ఒక మాత్ర. టైముకు వేసుకుంటే మామూలు ఆయుష్షు బతుకుతారు, పిల్లల్ని కంటారు, పిల్లలకు రాకుండా చూసుకోవచ్చు. దీని గురించి వివరంగా వేరే రాయాలి. ఇక్కడ చెప్పదలుచుకున్నది ఒక్కటే – తేలడం ఆలస్యమైనవాళ్ళే ఎక్కువగా పోతున్నారు, అందులో చాలామంది టీబీతో.

టీచర్లు, కార్యకర్తలు ఒక పని చెయ్యొచ్చు. ఎవరైనా 'మా ఫ్రెండొకడు' అంటూ వస్తే ఎవరితో, ఎందుకు అని అడగొద్దు. ఎన్ని గంటలైంది అని అడగండి. 72 లోపలైతే అప్పుడే బయల్దేరండి, పొద్దున్న చూద్దాం అనొద్దు. తోడు వెళ్ళండి. ఒక్కడే పోతే ఓ.పి. చీటీ దగ్గరే సిగ్గుపడి వెనక్కొస్తాడు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 1097కు ఫోన్ చెయ్యండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. 72 దాటిపోతే తేదీ లెక్కవేసి పరీక్ష రోజు క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. గుర్తు పక్కన ఏమీ రాయొద్దు, ఇంట్లోవాళ్ళు చదువుతారు. పరీక్షకు పోయినరోజు అదే రక్తంతో సిఫిలిస్, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చెయ్యమని అడగండి. సిఫిలిస్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. హెపటైటిస్ బి లేదని తేలితే ఆ రోజే మొదటి టీకా వేయించుకుని, మిగతా రెండు డోసుల తేదీలు ఆ చీటీ మీదే రాయించుకు రావాలి.